తగ్గిన బరువు తిరిగొస్తే తప్పు ఎవరిది?



ఈసారి వీడియోలో భగవద్గీత 6వ అధ్యాయం చివర్లో వచ్చే యోగభ్రష్టుడి గురించి మాట్లాడుకున్నాం కదా. టైమ్ చాలక అక్కడ చెప్పలేకపోయిన ఒక విషయం ఇక్కడ వివరంగా రాస్తున్నాను. వినగానే "దీనికీ భక్తికీ ఏంటి సంబంధం?" అనిపించొచ్చు. కొంచెం ఓపికగా చదవండి, సంబంధం ఉందని మీకే తెలుస్తుంది.

బరువు తగ్గడానికి బేరియాట్రిక్ సర్జరీ చేయించుకున్న మనిషి. మొదటి ఏడాది ముప్పై, నలభై కిలోలు తగ్గారు. పాత బట్టలు వదులైపోయాయి, షుగర్ కంట్రోల్‌లోకి వచ్చింది, మెట్లెక్కితే ఆయాసం లేదు. అందరూ మెచ్చుకున్నారు. మూడో ఏడాదో నాలుగో ఏడాదో బరువు మెల్లగా వెనక్కి రావడం మొదలైంది. ముందు 2 కిలోలు, తర్వాత 5, తర్వాత 10. అప్పుడు ఆ మనిషి తనను తాను ఎలా చూసుకోవాలి? ఇంట్లోవాళ్ళు వాళ్ళని ఎలా చూడాలి?

మన ఇళ్ళల్లో దీనికి రెండు జవాబులు రెడీగా ఉంటాయి. ఒకటి: "అంత ఖర్చుపెట్టి ఆపరేషన్ చేయించుకుని కూడా నోరు కట్టుకోలేకపోయాడు." రెండోది: "కర్మ అండీ, రాసిపెట్టి ఉంటే ఎవరేం చేస్తారు?" మొదటిది తప్పంతా ఆ మనిషి నెత్తిన పెడుతుంది. రెండోది అంతా దేవుడి నెత్తిన పెడుతుంది. రెండింటికీ శాస్త్రం పేరు వాడుకుంటాం. ఒకదానికి ఇంద్రియనిగ్రహం అంటాం, ఇంకోదానికి ప్రారబ్ధం అంటాం. నాకు తెలిసినంతలో గీత ఈ రెండింటినీ ఒప్పుకోదు. ఎందుకో చెప్తాను.

ముందు ఒంట్లో ఏం జరుగుతుందో చూద్దాం

ధర్మం గురించి మాట్లాడేముందు నిజం ఏంటో తెలుసుకోవాలి. తెలియకుండా తీర్పు చెప్పడమే మొదటి అధర్మం.

మన దగ్గర ఎక్కువగా వినిపించే సర్జరీ స్లీవ్. ఇందులో పొట్టలో దాదాపు 75 నుంచి 80 శాతం కోసి తీసేస్తారు. అరటిపండు ఆకారంలో సన్నటి గొట్టంలాంటి భాగం మిగులుతుంది. ఇంకోటి బైపాస్. పొట్ట పైభాగాన్ని చిన్న సంచీలా వేరుచేసి, దాన్ని నేరుగా చిన్నపేగుకి కలుపుతారు. పొట్ట చిన్నదవ్వడం వల్ల మాత్రమే బరువు తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. అసలు పని హార్మోన్ల దగ్గర ఎక్కువ జరుగుతుంది. ఆకలిని పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా పొట్ట పైభాగంలోనే తయారవుతుంది. స్లీవ్‌లో ఆ భాగం పోతుంది కాబట్టి మొదట్లో ఆకలే వేయదు. చాలామంది గడియారం చూసుకుని తింటారు.

ఇది ఎప్పటికీ అలాగే ఉండదు. సాధారణంగా ఏడాది నుంచి రెండేళ్ళ మధ్య బరువు అన్నిటికంటే కిందికి వస్తుంది. ఆ తర్వాత ఆకలి మెల్లగా తిరిగొస్తుంది, ఒకేసారి తినగలిగేదీ కొంత పెరుగుతుంది. ఇంకో విషయం కూడా ఉంది. స్వీడన్ శాస్త్రవేత్తలు 2008లో ఒక పరిశోధన ప్రచురించారు. సర్జరీతో బాగా సన్నబడ్డవాళ్ళను రెండేళ్ళ తర్వాత పరీక్షిస్తే, వాళ్ళ ఒంట్లో కొవ్వు కణాలు చిన్నవయ్యాయి కానీ వాటి సంఖ్య మాత్రం తగ్గలేదు. అంటే కొవ్వు దాచుకునే డబ్బాలు ఖాళీ అయ్యాయి, అంతే. డబ్బాలన్నీ షెల్ఫులో అలాగే ఉన్నాయి.

శరీరం దృష్టిలో బరువు తగ్గడం అందం కాదు, కరువు. అది చూసి ఖర్చు తగ్గించుకుంటుంది. అమెరికాలో "ది బిగ్గెస్ట్ లూజర్" అనే టీవీ షో ఉండేది. సర్జరీ లేకుండా, కఠినమైన డైట్‌తో, గంటలకొద్దీ వ్యాయామంతో బరువు తగ్గే పోటీ అది. అందులో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ళ తర్వాత పరీక్షించి 2016లో ఫలితాలు ప్రచురించారు. పోటీలో సగటున 58 కిలోలు తగ్గినవాళ్ళకి సగటున 41 కిలోలు తిరిగొచ్చాయి. 14 మందిలో 13 మందికి ఎంతో కొంత పెరిగింది. పైగా ఆరేళ్ళయినా వాళ్ళ శరీరం విశ్రాంతిలో ఉన్నప్పుడు, ఆ సైజు మనిషికి ఉండాల్సిన దానికంటే రోజుకి దాదాపు 500 కేలరీలు తక్కువ ఖర్చుపెడుతోంది. ఒక పూట భోజనమంత తేడా అన్నమాట. వీళ్ళందరికీ ఒకేసారి సంకల్పబలం చచ్చిపోయిందంటే నమ్ముతారా?

సర్జరీ దీనికంటే చాలా నయం. స్వీడన్‌లోనే 1987లో మొదలైన పెద్ద అధ్యయనం ఒకటుంది. సర్జరీ చేయించుకున్నవాళ్ళు 2,010 మంది, మామూలు చికిత్సలో ఉన్నవాళ్ళు 2,037 మంది. బైపాస్ అయినవాళ్ళు మొదటి ఒకటి రెండేళ్ళలో తమ బరువులో 32 శాతం తగ్గారు. పదేళ్ళకి చూస్తే ఆ తగ్గుదల 25 శాతం దగ్గర నిలిచింది. అంటే సగటు మనిషికి కూడా కొంత బరువు తిరిగొచ్చింది! అయినా 2007లో వచ్చిన లెక్కల ప్రకారం, సగటున దాదాపు 11 ఏళ్ళలో సర్జరీ గుంపులో 101 మంది చనిపోతే, రెండో గుంపులో 129 మంది చనిపోయారు. కొంత బరువు తిరిగొచ్చినా ప్రాణానికి మేలు మిగిలింది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాం.

ఒక్క పనికి ఐదు కారణాలు

ఇప్పుడు గీతకి వద్దాం. 18వ అధ్యాయంలో 13వ శ్లోకం నుంచి 16 దాకా చూడండి. ఏ పని జరగాలన్నా ఐదు కారణాలు కలవాలని కృష్ణుడు చెప్తాడు. అధిష్ఠానం, కర్త, కరణాలు, రకరకాల చేష్టలు, ఐదోది దైవం. ఆ వెంటనే ఒక గట్టి మాట అంటాడు: ఇన్ని కారణాలుండగా "నేనొక్కడినే చేశాను" అనుకునేవాడు సరిగ్గా చూడటం లేదు అని.

మనం ఈ శ్లోకాన్ని ఎప్పుడూ గర్వం తగ్గించుకోవడానికే వాడతాం. ప్రమోషన్ వస్తే "నాదేముంది, అంతా ఆయన దయ" అంటాం. బాగుంది. కానీ ఇదే శ్లోకం సిగ్గుకి కూడా వర్తిస్తుంది కదా! గెలుపంతా నా ఒక్కడిదే అనుకోవడం అహంకారమైతే, ఓటమంతా నా ఒక్కడిదే అనుకోవడం కూడా అహంకారమే. వేషం మారింది, అంతే.

ఆ ఐదింటినీ బరువుకి పెట్టి చూడండి. అధిష్ఠానం అంటే శరీరం అని శంకరాచార్యుల భాష్యం. ఖాళీ అయినా పోని కొవ్వు కణాలు, తిరిగొచ్చిన ఆకలి, పొదుపు నేర్చుకున్న శరీరం, ఇవన్నీ ఇక్కడికి వస్తాయి. కర్త అంటే నేను. నా నిర్ణయాలు నావే. కరణాలు ఇంద్రియాలు. నాలుక, ముక్కు, పది నిమిషాలకోసారి ఫుడ్ యాప్ నోటిఫికేషన్ చూసే కళ్ళు. చేష్టలంటే రోజూ జరిగే పనులు. పది గంటలు కుర్చీలో కూర్చోవడం, అమెరికా టైమింగ్స్‌కి రాత్రి 11 గంటల మీటింగ్, నిద్ర చాలకపోవడం. ఇక దైవం. మన చేతిలో లేనివన్నీ అందులోనే. పుట్టుకతో వచ్చిన జీన్స్, పీసీఓఎస్, వేరే జబ్బుకి వాడక తప్పని స్టెరాయిడ్లు, ఇన్సులిన్, డిప్రెషన్‌కి ఇచ్చే కొన్ని మందులు.

మా ఫీల్డ్‌లో ఒక మంచి అలవాటుంది. అర్ధరాత్రి సర్వర్ పడిపోతే, మర్నాడు టీమంతా కూర్చుని ఒక రిపోర్ట్ రాస్తాం. దాన్ని బ్లేమ్‌లెస్ పోస్ట్‌మార్టమ్ అంటారు. పేరు వినడానికి బాగోదు కానీ పద్ధతి బాగుంటుంది. "ఎవడు చేశాడు?" అని అందులో ఉండదు. "ఏం జరిగింది, ఏయే కారణాలు కలిశాయి, మళ్ళీ జరగకుండా ఏం మార్చాలి?" ఇవే ఉంటాయి. ఎందుకంటే వేలు చూపిస్తే మనుషులు దాచేస్తారు. దాచేస్తే అసలు కారణం ఎప్పటికీ బయటికి రాదు. 18వ అధ్యాయం చదువుతుంటే నాకు ఇదే గుర్తొస్తుంది.

ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న వస్తుంది. "తప్పు లేదు, తప్పు లేదు అంటే మనిషి ఇంకా బద్ధకిస్తాడు కదా? అన్నీ ఒంటి మీదకి తోసేసి బిర్యానీ ఆర్డర్ పెడతాడు కదా?" దీన్ని పక్కకి తోసేయలేం. కానీ చూడండి, ఐదింటిలో కర్త కూడా ఉన్నాడు. కృష్ణుడు ఆ పేరు కొట్టేయలేదు. ఐదింటిలో ఒకటిగా పెట్టాడు. నిందకీ బాధ్యతకీ ఉన్న తేడా ఇక్కడే ఉంది. నింద వెనక్కి చూస్తుంది, బాధ్యత ముందుకి చూస్తుంది. "ఈ 10 కిలోలు ఎందుకొచ్చాయి" అన్నదానిలో నా వాటా ఐదింటిలో ఒకటి కావచ్చు. "ఇప్పుడు ఏం చేద్దాం" అన్నప్పుడు మాత్రం అడుగు వేయాల్సింది నేనే. ఇంకెవరూ నా కాళ్ళతో నడవలేరు.

సిగ్గు చేసే అసలు నష్టం

ఇది మాటల ఆట కాదని చెప్పడానికి మా ఇంట్లో జరిగింది చెప్తాను. తను ఒప్పుకున్నాకే రాస్తున్నాను.

మా పెద్దమ్మ కూతురు, నాకు అక్క అవుతుంది. సర్జరీకి ముందు 112 కిలోలు. ఏడాదిన్నరకి 74కి వచ్చింది. నాలుగో ఏడాదికి 86 అయింది. ఒక పెళ్ళిలో చుట్టాలావిడ అందరి ముందూ "అప్పుడు బంగారంలా తగ్గావు కదమ్మా, మళ్ళీ ఏం మాయరోగం?" అని అడిగింది. అక్క నవ్వి ఊరుకుంది. ఆ తర్వాత ఫంక్షన్లకి రావడం మానేసింది. అది మేం గమనించాం. చెకప్‌లకి వెళ్ళడం కూడా మానేసిందని మాత్రం ఎవరికీ తెలియదు. ఎందుకు మానేశావని తర్వాత అడిగితే చెప్పింది: "అక్కడికెళ్తే ముందు వేయింగ్ మెషిన్ ఎక్కమంటారు రా. నర్సమ్మ పాత ఫైలు తీసి ఆ అంకె చూస్తుంది. ఆ ఒక్క నిమిషం తట్టుకోలేను."

విటమిన్ మాత్రలు కూడా ఆపేసింది. "ఎలాగూ ఫెయిలయ్యాను, ఇంకెందుకు" అనుకుందట. ఈ సర్జరీల తర్వాత బీ12, ఐరన్ లాంటివి ఒంటికి సరిగ్గా పట్టవు. అందుకే మాత్రలూ రక్తపరీక్షలూ జీవితాంతం ఉండాలి. రెండేళ్ళ తర్వాత పాదాల్లో తిమ్మిర్లు మొదలై, మెట్లెక్కుతుంటే కళ్ళు తిరిగితే అప్పుడు పరీక్ష చేయించారు. బీ12, ఐరన్ రెండూ బాగా పడిపోయాయి. ఇంజెక్షన్లతో ఇప్పుడు కోలుకుంటోంది.

ఆలోచించండి. తిరిగొచ్చిన 12 కిలోల వల్ల ఆమెకి అంత హాని జరగలేదు. నిజానికి 112 నుంచి చూస్తే ఇంకా 26 కిలోలు తక్కువే ఉంది. హాని చేసింది సిగ్గు. ఆ సిగ్గుని ఆమెకి ఇచ్చింది మనం. అందుకే బరువు పెరిగిన మనిషిని నాలుగు మాటలంటే "మంచికే కదా అన్నాం" అని తప్పించుకోలేం. 17వ అధ్యాయంలో కృష్ణుడు వాక్కుతో చేసే తపస్సు గురించి కూడా చెప్తాడు. మాట నిజమైతే సరిపోదు. ఎదుటివాళ్ళని కలవరపెట్టకూడదు, ప్రియంగా ఉండాలి, హితంగానూ ఉండాలి. "బరువు పెరిగావు" అన్నది నిజమే కావచ్చు. మిగతా మూడింటిలో ఒక్కటైనా ఉందా అందులో?

రెంటికీ చెడ్డ రేవడి?

ఇప్పుడు వీడియోలో చెప్పిన అర్జునుడి దగ్గరికి వద్దాం. 6వ అధ్యాయంలో కృష్ణుడు మనసుని నిలపడం గురించి చెప్తుంటే అర్జునుడు అడ్డుపడతాడు. మనసుని పట్టడం గాలిని పట్టడమంత కష్టం అంటాడు. కృష్ణుడు "అదేం కాదు, తేలికే" అనలేదు. కష్టమేనని ఒప్పుకున్నాడు. అభ్యాసంతో, వైరాగ్యంతో సాధ్యం అన్నాడు.

అక్కడితో అర్జునుడు ఆగలేదు. అసలు భయం బయటపెట్టాడు. శ్రద్ధ ఉంది, మొదలుపెట్టాడు, మధ్యలో మనసు జారింది. వాడి గతేంటి? లోకంలో సుఖాలు వదిలేశాడు, యోగమూ దక్కలేదు. చెదిరిన మేఘంలా రెండు వైపులా చెడిపోడా? అని.

మన పెద్దవాళ్ళు దీన్నే "రెంటికీ చెడ్డ రేవడి" అంటారు. సర్జరీ తర్వాత బరువు తిరిగొచ్చినవాళ్ళ లోపలి భయం అచ్చంగా ఇదే. కడుపునిండా భోజనం అనే సుఖం పోయింది. పెళ్ళి విందులో నాలుగు ముద్దలకే ఆగాలి. భోజనంతోపాటు నీళ్ళు కూడా తాగకూడదు. పొట్ట కోయించుకున్నారు, లక్షలు పోశారు. ఇంత చేసినా ఆ సన్నటి శరీరమూ నిలవలేదు. మరి ఇటూ కాక అటూ కాక మిగిలానా?

కృష్ణుడి జవాబు తిట్టుతో మొదలవ్వదు. అక్కడ ఆయన అర్జునుణ్ణి పిలిచే పిలుపు "తాత". సంస్కృతంలో అది "నాయనా" లాంటి ప్రేమ పిలుపు. మంచి పని చేసినవాడికి ఎప్పుడూ దుర్గతి ఉండదని ధైర్యం చెప్తాడు. ఆ యోగభ్రష్టుడు మళ్ళీ పుట్టినప్పుడు కూడా సున్నా నుంచి మొదలుపెట్టడట. వెనకటి సాధన వాడికి అంది, ఆగినచోటు నుంచి ముందుకి వెళ్తాడట. కావాలనుకోకపోయినా పాత అభ్యాసమే వాణ్ణి లాక్కెళ్తుందట.

జన్మ మారినా పోనిది, నాలుగేళ్ళలో ఎలా పోతుంది? స్వీడన్ లెక్క గుర్తుంది కదా. కొంత బరువు తిరిగొచ్చినా ప్రాణానికి మేలు మిగిలింది. షుగర్ అదుపులో ఉన్న ఆ మూడేళ్ళు కళ్ళకీ కిడ్నీలకీ విశ్రాంతి దొరికింది. దాన్ని ఎవరూ వెనక్కి లాక్కోలేరు. నిదానంగా నమలడం నేర్చుకున్నారు, ముందు పప్పూ గుడ్డూ పనీరూ తినడం నేర్చుకున్నారు, ఆకలికీ దిగులుకీ తేడా కొంతైనా తెలిసింది. ఇవన్నీ జమలోనే ఉన్నాయి. 86 దగ్గర ఉన్న మనిషి 112 నుంచి 86కి వచ్చిన మనిషి కూడా. మనం 74 నుంచి మాత్రమే లెక్కపెట్టి ఏడిపిస్తున్నాం.

ఒంటిని శిక్షిస్తే పుణ్యం రాదు

బరువు తిరిగొచ్చాక చాలామంది, ముఖ్యంగా భక్తి ఉన్నవాళ్ళు, వెళ్ళే దారి ఒకటుంది. కటిక ఉపవాసాలు. ఏకాదశికి నీళ్ళు కూడా లేకుండా, కార్తీకమాసంలో నెలంతా నక్తాలు. పైకి వ్రతం, లోపల శిక్ష. "తిన్నందుకు అనుభవించు" అని ఒంటికి వేసే శిక్ష.

17వ అధ్యాయం 5, 6 శ్లోకాల్లో కృష్ణుడు దీని గురించి సూటిగా చెప్పాడు. శాస్త్రం చెప్పనంత ఘోరంగా ఒంటిని కృశింపజేసేవాళ్ళు ఆ శరీరంలో ఉన్న తనని కూడా హింసిస్తున్నారని. ఇంత గట్టిగా చెప్పాక ఇంకేముంది? 6వ అధ్యాయంలో కూడా మరీ ఎక్కువ తినేవాడికీ యోగం లేదు, అసలు తిననివాడికీ లేదు అని రెండింటినీ పక్కపక్కనే పెట్టాడు.

ధర్మసాధనకి శరీరమే మొదటి ఆధారం అనే మాట మీరు చాలా జిమ్ గోడల మీద చూసి ఉంటారు. అది కాళిదాసు కుమారసంభవం 5వ సర్గలోది. ఎవరు ఎవరితో అన్నారో తెలుసా? పార్వతీదేవి శివుడి కోసం ఘోర తపస్సు చేస్తుంటే, శివుడే బ్రహ్మచారి వేషంలో వచ్చి అడుగుతాడు: నీ శక్తికి తగ్గట్టే తపస్సు చేస్తున్నావా అని. ఆ సందర్భంలో వచ్చే మాట అది. తిండిపోతుని మందలిస్తూ అన్నది కాదు. మితిమీరి ఒంటిని కష్టపెట్టుకుంటున్న ఒక సాధకురాలి క్షేమం అడుగుతూ అన్నది. మనం దాన్ని సరిగ్గా తిరగేసి వాడుతున్నాం.

ప్రాక్టికల్‌గా చెప్పాలంటే, ఈ సర్జరీ అయినవాళ్ళకి నీళ్ళు కూడా లేని ఉపవాసం ప్రమాదం. వాళ్ళు ఒకేసారి ఎక్కువ నీళ్ళు తాగలేరు, కాబట్టి రోజంతా పోయింది సాయంత్రం పూడ్చుకోలేరు. షుగర్ మందులు వాడుతుంటే ఇంకా ప్రమాదం. అయ్యప్ప దీక్షలో మధ్యాహ్నం ఒక్కపూట భిక్ష చేస్తారు. స్లీవ్ అయినవాళ్ళకి ఒక పూటలో రోజుకి సరిపడా పట్టదు. దీక్ష తీసుకోవాలనుంటే ముందు డాక్టర్‌ని అడగండి. తర్వాత గురుస్వామికి విషయం చెప్పండి. సాయంత్రం పాలూ, పండూ, పెసలూ తీసుకునే వీలు ఆయనే చెప్తారు. దాచిపెట్టి మాల వేసుకోకండి.

ప్రసాదం గురించి కూడా ఒక మాట. చక్కెర పొంగలి వద్దంటే అపచారమేమో అని చాలామంది భయపడతారు. బైపాస్ అయినవాళ్ళకి తీపి ఎక్కువైతే గుండె దడ, చెమటలు, కడుపునొప్పి వస్తాయి. దాన్ని డంపింగ్ అంటారు. ప్రసాదానికి కొలత లేదు. కళ్ళకద్దుకుని మెతుకంత నోట్లో వేసుకుంటే అది పూర్తి ప్రసాదమే. మిగతాది పక్కవాళ్ళకి పంచండి, పంచిన పుణ్యం కూడా వస్తుంది.

మందు వాడితే ఓడిపోయినట్టా?

ఈ మధ్య ఇంకో ప్రశ్న వచ్చింది. 2025లో మన దేశంలోకి మౌంజారో, వెగోవీ అనే వారానికోసారి వేసుకునే ఇంజెక్షన్లు వచ్చాయి. సర్జరీ తర్వాత బరువు తిరిగొచ్చినవాళ్ళకి కూడా డాక్టర్లు కొన్నిసార్లు ఇలాంటివి ఇస్తున్నారు. కొందరికి మళ్ళీ సర్జరీ కూడా అవసరమవుతుంది. "ఇప్పటికే ఒక షార్ట్‌కట్ తీసుకున్నాను, ఇంకోటి తీసుకోవాలా?" అని మనసు పీకుతుంది.

బీపీ టాబ్లెట్ వేసుకునే తాతగారిని చూసి "భక్తి చాలక మందు మింగుతున్నాడు" అని ఎవరైనా అంటారా? ఒక మందు చాలకపోతే డాక్టర్ రెండోది కలుపుతారు, అంతే కదా. ఊబకాయం కూడా అలాంటి దీర్ఘకాలిక జబ్బే. ఐదు కారణాల్లో ఒకటైన శరీరానికి సాయం చేస్తే కర్త చిన్నబోడు. వాటికీ పరిమితులు ఉన్నాయి. ఖర్చు ఎక్కువ. సైడ్ ఎఫెక్ట్స్ ఉంటాయి. ఆపేస్తే చాలామందికి బరువు తిరిగొస్తుంది. ఇవన్నీ డాక్టర్‌తో కూర్చుని తేల్చుకోవాల్సిన విషయాలు. పాపపుణ్యాల చిట్టాలో రాసుకోవాల్సినవి కావు.

మరి చేయాల్సింది ఏంటి?

మీకే ఇది జరుగుతుంటే, మొదటి సాధన ఒక్కటే. చెకప్‌కి వెళ్ళండి. అంకె చూడటం భయంగా ఉంటే మెషిన్ మీద వెనక్కి తిరిగి నిలబడి, "నాకు చెప్పకండి, రాసుకోండి" అనొచ్చు. రక్తపరీక్షలు మానకండి. పెరగడానికి కారణమేంటో డాక్టర్ చూస్తారు. థైరాయిడ్ ఉందా, వాడుతున్న వేరే మందులా, పొట్టలో ఏమైనా మార్పు వచ్చిందా అని.

డైటీషియన్‌తో నిజం చెప్పండి. చిన్న పొట్టలో కూడా సులువుగా జారిపోయేవి కొన్ని ఉన్నాయి. మిక్చర్, బిస్కెట్లు, ఐస్‌క్రీమ్, చక్కెర వేసిన కాఫీ, జ్యూస్. ఇవి కడుపు నింపవు, కేలరీలు మాత్రం నింపుతాయి. ఇది తెలుసుకోవడం సమాచారం, నేరం ఒప్పుకోవడం కాదు. మద్యం విషయంలో ఇంకా జాగ్రత్త. బైపాస్ తర్వాత అది రక్తంలోకి చాలా వేగంగా ఎక్కుతుంది, వ్యసనమయ్యే ప్రమాదమూ పెరుగుతుంది. తిండితో తీర్చుకునే దిగులు ఇంకో దారి వెతుక్కోవచ్చు. అలా అనిపిస్తే కౌన్సెలర్‌ని కలవడానికి మొహమాటపడకండి.

రోజూ ఒక చిన్న అభ్యాసం పెట్టుకోండి. పెద్ద శపథాలు వద్దు. తినేముందు ఒక్క క్షణం ఆగి ఇష్టదైవాన్ని తలచుకోండి. "ఇది ఆకలా, అలసటా, దిగులా?" అని అడుగుకోండి. ఆకలైతే తినండి. అలసటైతే పడుకోండి. దిగులైతే ఎవరికైనా ఫోన్ చేయండి. ఒక్కోసారి తెలిసి కూడా తినేస్తాం. మర్నాడు మళ్ళీ ఆగి అడుగుదాం. అభ్యాసం అంటే అదే, తప్పిన ప్రతిసారీ తిరిగి రావడం.

ఇంట్లోవాళ్ళకి చిన్న విన్నపం. వాళ్ళ ప్లేటు వంక చూడకండి. పాత ఫొటోలు తీసి పోల్చకండి. "చెకప్‌కి నేనూ వస్తాను, పద" అనండి. సాయంత్రం "కాసేపు అలా నడిచొద్దామా" అని మీరే చెప్పులు వేసుకోండి. అర్జునుడు కుప్పకూలినప్పుడు కృష్ణుడు రథం దిగి వెళ్ళిపోలేదు. తిట్టాల్సిన చోట తిట్టాడు, చెప్పాల్సింది 18 అధ్యాయాలు చెప్పాడు. అంతసేపూ పగ్గాలు మాత్రం వదల్లేదు. మన ఇంట్లో మనిషికి మనం చేయాల్సిందీ అదే.

మీకు తెలిసినవాళ్ళెవరైనా ఇలా మౌనంగా బాధపడుతుంటే, ఈ పోస్ట్ ఫార్వర్డ్ చేసి ఊరుకోకుండా ఒకసారి వెళ్ళి కలవండి. బరువు సంగతి మీరు ఎత్తకండి. వాళ్ళే ఎత్తితే వినండి.

వచ్చే వారం వీడియోలో కలుద్దాం. శ్రీకృష్ణార్పణమస్తు.